బ్లిస్సీ ఒక్క దెబ్బకే పడిపోతోంది!

ప్రశ్న: పోకెమాన్ ఆన్‌లైన్ పోటీల్లో నా పోకెమాన్ బ్లిస్సీకి హెచ్‌పీలో (ప్రాణశక్తి) 252, స్పెషల్ డిఫెన్స్‌లో (స్పెషల్ దాడులను తట్టుకునే శక్తి) 252 ఈవీలు (బలాలు పెంచే శిక్షణ పాయింట్లు) పెట్టాను. అయినా ‘క్లోజ్ కంబాట్’ అనే ఫైటింగ్ రకం దాడి తగిలితే ఒక్క దెబ్బకే పోతోంది. ఎక్కడ తప్పు చేస్తున్నాను?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: నేనూ మొదట్లో అదే పని చేశాను తమ్ముడూ. ఉన్నచోటే ఇంకా పోయడం మన అలవాటు కదా! లెవల్ 100లో బ్లిస్సీకి ఈవీలు లేకుండానే హెచ్‌పీ 651. 252 పెట్టినా 714 అవుతుంది, అంతే. క్లోజ్ కంబాట్ లాంటి ఫిజికల్ దాడులను ఆపే డిఫెన్స్ మాత్రం 56! దానికి 252 ఈవీలు పెట్టి, నేచర్‌ని (స్వభావం) డిఫెన్స్ పెంచే ‘బోల్డ్’ చేస్తే 130కి చేరుతుంది. రెట్టింపు కన్నా ఎక్కువే. మిగిలిన 252 హెచ్‌పీకి ఇచ్చెయ్. స్పెషల్ డిఫెన్స్ ఎలాగూ 306 ఉంది, దాన్ని ముట్టుకోవద్దు. ‘సైషాక్’ దాడి గుర్తుందా? స్పెషల్ దాడే అయినా డిఫెన్స్ మీదే పడుతుంది. నాకు ఆ సంగతి ఓడిపోయాకే తెలిసింది.

ఇంత చేసినా ఫైటింగ్ దాడులకు బ్లిస్సీని నిలబెట్టకు. స్లోబ్రో అనే పోకెమాన్‌ని దింపు, దానికి అవి సగమే తగులుతాయి. ఇంకోటి, స్కార్లెట్, వయొలెట్ గేముల్లో హెచ్‌పీ తిరిగి నింపే ‘సాఫ్ట్‌బాయిల్డ్’ ఒక్కో పోరులో మొత్తం 8 సార్లకు మించి వాడలేం. చిన్న గీతకే టెన్షన్ పడి నొక్కేయకు. ఎదుటివాడు ‘టాంట్’ (దాడి కాని ఎత్తుగడలను ఆపేది) వేస్తే అదీ పనిచేయదు, వెంటనే బ్లిస్సీని మార్చెయ్.