రూట్ కెనాల్ అయ్యాక క్యాప్ తప్పనిసరా?

“దవడ పన్నుకి రూట్ కెనాల్ చేయించాను, నొప్పి పోయింది. ఇంకా క్యాప్ (పంటి మీద తొడిగే తొడుగు) ఎందుకు, డబ్బు దండగ కదా?” అని ఒకరు అడిగారు.

రూట్ కెనాల్ పోగొట్టేది నొప్పిని, పంటికి బలం ఇవ్వదు. పుచ్చినదంతా తీసేసి, లోపలి నరం తీసి, ఖాళీని పూడ్చాక మిగిలేవి పలచటి గోడలే. నమిలే బరువంతా పడేది దవడ పళ్ల మీద. ఏ జంతికో కొరికినప్పుడు గోడ చీలొచ్చు. చీలిక చిగురు పైనే ఆగితే అదృష్టం. వేరులోకి దిగితే సాధారణంగా పన్ను పీకించుకోవడమే. ఆ తర్వాత ఇంప్లాంట్ (దవడ ఎముకలో బిగించే కృత్రిమ వేరు, దాని మీద పన్ను) ఖర్చు చూస్తే క్యాప్ చవకే అనిపిస్తుంది. ముందు పళ్లకైతే, పెద్దగా దెబ్బతినకపోతే, ఒక్కోసారి ఫిల్లింగ్ చాలు.

క్యాప్ కోసం పన్నును చుట్టూ, పైనా సుమారు 1 నుంచి 2 మిల్లీమీటర్లు అరగదీసి, అచ్చు తీసి ల్యాబ్‌కి పంపుతారు. అసలుది వచ్చేదాకా తాత్కాలిక క్యాప్ ఉంటుంది, ఆ వైపు జీడిపాకం జోలికి పోకండి. మెటల్, మెటల్ మీద పింగాణీ, జిర్కోనియా (పంటి రంగులో ఉండే గట్టి సిరామిక్) అని రకాలున్నాయి. నన్నడిగితే, బయటికి కనపడని వెనక పంటికి మెటలే మేలు: పన్నును తక్కువ అరగదీస్తే సరిపోతుంది.

క్యాప్ బిగించాక పళ్లు కలిపితే అదే ముందు తగులుతోందా? మొహమాటపడకుండా కుర్చీ దిగకముందే చెప్పండి, సరిచేస్తారు.

క్యాప్ పుచ్చదు గానీ, దాని అంచు దగ్గర అసలు పన్ను పుచ్చొచ్చు. నరం లేదు కాబట్టి నొప్పితో హెచ్చరికా రాదు. బ్రష్ ఆ అంచు దాకా చేరాలి.