నూనె తాగిస్తే పాలల్లో వెన్న పెరుగుతుందా?

ప్రశ్న: హైదరాబాద్ శివార్లలో, మొయినాబాద్ దగ్గర ముర్రా గేదెలు మేపుతున్నాను. పాలల్లో ఫ్యాట్ (వెన్న శాతం) రాక పాల రేటు కోస్తున్నారు. ఈనిన గేదెకు రోజూ అర లీటరు నూనె పడుతున్నాను. పేడ పలచబడింది, మేత తగ్గింది, ఫ్యాట్ ఇంకా పడిపోయింది. బైపాస్ ఫ్యాట్ వాడమంటున్నారు. అదీ కొవ్వే కదా సార్?

జవాబు: కొవ్వే. కాకపోతే ఏ రూపంలో కడుపులోకి పోతుందన్నదే ఇక్కడ అసలు సంగతి. ముందు నూనె ఆపేయండి.

గేదె కడుపులో నాలుగు పొట్టలుంటాయి. మొదటి పొట్టలో గడ్డిని అరిగించేది సూక్ష్మజీవులు. మీరు పోసిన నూనె గడ్డి పీచుకు జిడ్డులా పట్టేసి వాటిని దగ్గరకు రానివ్వదు, కొన్నింటిని చంపుతుంది కూడా. పీచు పులిస్తే వచ్చే ఎసిటిక్ ఆమ్లమే పొదుగులో వెన్న తయారీకి ముఖ్యమైన ముడిసరుకు. అది తగ్గితే ఫ్యాట్ ఎక్కడి నుంచి వస్తుంది? పైగా ఆ నూనె పొట్టలో మారే క్రమంలో పుట్టే కొన్ని ఆమ్లాలు పొదుగులో వెన్న తయారీనే అణిచేస్తాయి.

లెక్క చూడండి. గేదె రోజుకు 12 కిలోల దాకా ఎండు పదార్థం (మేత, దాణాలో నీరు తీసేయగా మిగిలేది) తింటుందనుకుంటే, అర లీటరు నూనె ఒక్కటే అందులో 3.5 శాతం దాటుతుంది. మొత్తం కొవ్వు 6 శాతం మించకూడదు. నూనె తీయని తవుడులో 15 శాతం దాకా నూనె ఉంటుంది, దాణాలో అదీ కలుపుతుంటే హద్దు దాటినట్టే. గొట్టంతో పట్టేటప్పుడు నూనె ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం వేరే.

బైపాస్ ఫ్యాట్ అంటే మొదటి పొట్టలో విడిపోకుండా దాటిపోయే కొవ్వు. అందులో కొవ్వు ఆమ్లాలు కాల్షియంతో కట్టుబడి ఉంటాయి. మొదటి పొట్టలో పీహెచ్ (పులుపు కొలత, ఇది తగ్గితే పులుపు పెరిగినట్టు) 6 పైన ఉన్నంతసేపూ ఆ కట్టు పెద్దగా విడదు. నాలుగో పొట్టలో ఆమ్లం తగిలాక విడిపోయి, చిన్నపేగులో అరుగుతుంది. ఈనిన గేదెకు రోజుకు 100–150 గ్రాములు దాణాలో కలపండి. కొంచెంతో మొదలుపెట్టి వారంలో అలవాటు చేయండి. వాసన నచ్చక మొదట్లో మూతి తిప్పుకునేవీ ఉంటాయి.

అంత ఖర్చు ఎందుకనుకుంటే పత్తి గింజలు రోజుకు కిలో దాకా పెట్టొచ్చు. గింజ లోపలి నూనె నెమరు వేసేకొద్దీ కొంచెం కొంచెంగా బయటికొస్తుంది. అందుకే గింజలు గింజలుగానే పెట్టాలి, పిండి పట్టిస్తే మళ్లీ నూనె పోసినట్టే. బూజు పట్టినవి వద్దు, దూడలకు అసలే వద్దు.

ప్రస్తుతానికి వరిగడ్డి, పచ్చిమేత బాగా వేయండి. రెండు మూడు రోజుల్లో నెమరు, మేత దారికి రాకపోతే పశువుల డాక్టరుకు చూపించండి.