జీతం ఆగాక మూడేళ్లు

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

ఫండ్ మేనేజర్ ఉద్యోగం మానేసి పుస్తకాలు రాస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. గర్వంగా ఉంది, భయంగానూ ఉంది. ఇన్నేళ్లు ఊరందరి డబ్బూ చూసినదానికి డబ్బు సంగతి ఈయన చెప్పేదేమిటి అనుకోకు. డబ్బు బాగా తెలిసినవాళ్లే సొంత ఇంటి దగ్గర పొరపడతారు. ఆడిటర్లకు ఆ సంగతి తెలుసు.

చిన్న విషయాలు ముందు. ఆఫీసు ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది కాబట్టి, రాజీనామాకు ముందే సొంత పాలసీ తీసుకో. ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు, ఆ లెక్క ఎంత తొందరగా మొదలైతే అంత మంచిది. జీతంలో కొంత భాగం మీ మ్యూచువల్ ఫండ్ స్కీముల యూనిట్లుగా ఇచ్చి ఉంటారు, వాటికి లాకిన్ ఉంటుంది, అంటే గడువు దాకా అమ్మనివ్వరు, రాజీనామా చేసిన రోజే చేతికి రావు. ఏ తేదీకి వస్తాయో ఆఫీసులో నిబంధనలు చూసే కంప్లయన్స్ వాళ్ల దగ్గర రాతపూర్వకంగా తీసుకో. మార్కెట్ ఉద్యోగాలకు పరీక్షలు పెట్టే ఎన్ఐఎస్ఎం ఇచ్చిన సర్టిఫికెట్ల గడువు మూడేళ్లే, తీరిపోనివ్వకు. వెనక్కి వెళ్లాల్సి వస్తే ఆ తలుపు తెరిచే ఉండాలి.

ఇప్పుడు నా అసలు భయం. ఇది మార్కెట్‌లో చాలా పాత తప్పు. పొదుపంతా ఈక్విటీలో, అంటే షేర్లలో ఉంచి, నెలనెలా అందులోంచే ఇల్లు నడుపుకోవడం. "సగటున 12 శాతం వస్తుంది, నేను తీసేది 6 శాతమే, ఇక భయమేముంది" అంటారు. సగటు నిజమే కావచ్చు. కానీ నష్టం ఏ ఏడాది వచ్చిందన్నదే సంసారాన్ని నిలబెట్టేదీ, ముంచేదీ.

2008 జనవరిలో షేర్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ 21,000 దాటింది. అప్పుడు కోటి రూపాయలు ఆ సూచీతోపాటే నడిచే ఇండెక్స్ ఫండ్‌లో పెట్టుకుని, నెలకు 50,000 తీసుకుంటూ రాసుకుందామని ఒకరు ఉద్యోగం మానేశారనుకో. అక్టోబరుకల్లా సూచీ ఒక దశలో 8,000 కిందికి జారింది. నవంబరులో 9,000 దగ్గర ఉన్నప్పుడు ఆ నెల 50,000 కోసం అమ్మిన యూనిట్లు జనవరిలో అయితే 1,16,000కు పైనే పలికేవి. ఇంటి ఖర్చు మారలేదు, అమ్మాల్సిన యూనిట్లు మాత్రం రెండింతలు దాటాయి. 2010 నవంబరులో సూచీ మళ్లీ 21,000 చేరింది. పత్రికలు పండగ చేసుకున్నాయి. ఆ మనిషి కోటి మాత్రం తిరిగి రాలేదు. అడుగున అమ్మేసిన యూనిట్లు ఇక లేవు కదా, మార్కెట్ లేచినా అవి లేవవు. అదే పతనం పదో ఏట వచ్చి ఉంటే, అప్పటికి పెరిగిన మొత్తం ఆ దెబ్బను కాసుకునేది. మొదటి రెండు మూడేళ్లలో వస్తేనే కోలుకోవడం కష్టం. నీ మొదటి పుస్తకం పూర్తయ్యేదీ సరిగ్గా ఆ రెండు మూడేళ్లలోనే.

ఇదంతా నీకు తెలుసు. రిటైరయిన క్లయింటు వస్తే నువ్వే ఇలా చెప్పి పంపుతావు. మరి నీకెందుకు చెప్పుకోవు? "పడబోతుందంటే నాకు ముందే తెలుస్తుంది, బయటికి వచ్చేస్తాను" అని లోపల ఎక్కడో అనుకుంటున్నావు. 2020 జనవరిలో 42,000 చూసిన సూచీ మార్చిలో 26,000 కిందికి దిగింది. రెండు నెలలు. ఆ రెండు నెలల్లో నువ్వు రాయాల్సిన అధ్యాయం ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించు తల్లీ. డబ్బు పోవడం ఒక ఎత్తు. అంతకంటే ఎక్కువ భయం, నువ్వు మార్కెట్ నడిచే పొద్దున 9:15 నుంచి 3:30 దాకా స్క్రీన్ ముందే కూర్చుంటావని. అలా చేస్తే ఉద్యోగమూ పోయినట్టే, రాతా పోయినట్టే.

కాబట్టి ముందు మూడేళ్ల ఖర్చు పక్కన పెట్టు. నెలకు 80,000 అనుకుంటే 28 లక్షల 80 వేలు. పిల్లల ఫీజులు, బీమా ప్రీమియంలు, ఇంటి పన్ను, అపార్ట్‌మెంట్ రిపేర్లు ఏడాదికోసారి వచ్చేవి కాబట్టి నెలవారీ లెక్కలో దొరకవు. గత రెండేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి వాటిని విడిగా కలుపు. మొదటి ఏడాది 9.6 లక్షలు సేవింగ్స్‌లో, కావాల్సినప్పుడు త్వరగా తీసుకోగల లిక్విడ్ ఫండ్‌లో ఉంచు. మిగతా 19.2 లక్షలు ఆరునెలలకొకటి చేతికొచ్చేలా ఎఫ్‌డీలు. ఒక బ్యాంకులో ఒక మనిషికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే బీమా ఉంటుంది, నాలుగు బ్యాంకులైతే వడ్డీ కలిసి హద్దు దాటుతుంది, ఐదింట్లో పెట్టు. మిగిలినదంతా ఇండెక్స్ ఫండ్లలో వదిలేసి ఏప్రిల్‌లో ఒకసారి చూడు. మార్కెట్ బాగున్న ఏడాదే ఈ మూడేళ్ల నిధిని నింపు, బాగాలేని ఏడాది ఆగు. ట్రేడింగ్ యాప్ ఫోన్లోంచి తీసెయ్. ఇది మాత్రం సలహా కాదు, నా మాటగా విను.

రాయల్టీ ఇల్లు నడుపుతుందని అనుకోకు. 300 రూపాయల పుస్తకం, 10 శాతం రాయల్టీ, వెయ్యి కాపీలూ అమ్ముడైతే 30,000. అది నీ మూడేళ్ల శ్రమకు. పాత పన్ను విధానంలో ఉంటే రచయితల రాయల్టీకి 3 లక్షల దాకా మినహాయింపు దొరుకుతుంది, కొత్త విధానంలో దొరకదు. కాబట్టి ఏ విధానమో ముందే లెక్క కట్టి ఎంచుకో.

ఒప్పందంలో "సర్వహక్కులూ" అని కనబడితే సంతకం పెట్టకు. అచ్చు, ఈ-బుక్, ఆడియో, అనువాదం వేటికవి విడిగా రాయించు. గడువు రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా తీసుకుంటుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ఆ లోటు నీకు మేలే అయినా, రాయించుకోవడమే మంచిది.

ఏం రాయాలో నేను చెప్పను. ఎలా చెడుతుందో చెప్తాను. మీ వృత్తివాళ్ల పుస్తకాలు రెండు చోట్ల చెడతాయి. ఒకటి, ఫలితం తెలిశాక రాయడం. లాభం వచ్చిన నిర్ణయాలన్నీ తెలివిగానూ, నష్టం వచ్చినవన్నీ దురదృష్టంగానూ కనబడతాయి. అందుకే ఆఫీసు వదిలే ముందు గుర్తున్న నిర్ణయాలు కాగితం మీద పెట్టు. ఆ రోజు ఏం తెలుసు, ఏం తెలియదు, ఏ అనుమానం ఉన్నా పక్కకు నెట్టావు. ఆఫీసు ఫైళ్లు, క్లయింట్ల పేర్లు మాత్రం ఒక్క ముక్క కూడా బయటికి తేవద్దు. నువ్వు దగ్గరగా చూసిన కంపెనీల మీద వెంటనే రాయకు, మార్కెట్‌ను నియంత్రించే సెబీ నిబంధనలు ఆరునెలల కిందటి సంబంధాన్ని కూడా చూస్తాయి. ఫలానా షేరు కొనండి అని రాయాలంటే రిజిస్ట్రేషన్ కావాలి, ఆ జోలికే పోకు.

రెండోది, శాతాలతో నింపేయడం. పీటర్ బెర్న్‌స్టీన్‌ను చూడు. 1951 నుంచి న్యూయార్క్‌లో తండ్రి పెట్టిన పెట్టుబడుల సంస్థను నడిపాడు, 1974లో పోర్ట్‌ఫోలియో మేనేజర్ల పత్రికకు తొలి సంపాదకుడయ్యాడు. రిస్క్ చరిత్ర మీద ఆయన పుస్తకం 1996లో వచ్చేనాటికి ఆయనకు 77 ఏళ్లు. సంభావ్యత గణితాన్ని ఆయన జూదగాళ్ల ప్రశ్నలతో, వ్యాపారుల భయాలతో చెప్పాడు. కాబట్టి 40 శాతం పతనం అని రాసే బదులు, కోటిలోంచి 40 లక్షలు పోయిన రోజు ఆ ఇంట్లో ఎవరు ఎవరితో మాట్లాడలేదో రాయి. ఆయన పుస్తకం 77వ ఏట వచ్చింది, నీకూ తొందర లేదు.

తెలుగులో వేస్తే ఒక జాగ్రత్త. యూనికోడ్‌లో రాసి ఇస్తావు, డీటీపీలో, అంటే పేజీలు కూర్చేచోట, యూనికోడ్ కాని 'అను' అనే ఫాంట్లలోకి మారుస్తారు. అక్కడ ఒత్తులు జారతాయి, శాతం గుర్తూ రూపాయి గుర్తూ మాయమవుతాయి, పట్టికల్లో అంకెలు పక్క గడిలోకి దూకుతాయి. నవలలో ఒక ఒత్తు పోతే పాఠకుడు క్షమిస్తాడు, డబ్బు పుస్తకంలో ఒక సున్నా పోతే క్షమించడు. చివరి పీడీఎఫ్ మీద ఒకరు అంకెలు పైకి చదవాలి, ఇంకొకరు మూలంతో పోల్చి టిక్కు పెట్టాలి. పేజీలు 16 గుణిజాల్లో, 176, 192, 208 ఇలా వచ్చేలా చూసుకో. పుస్తకం 16 పేజీల ఫారాలుగా అచ్చవుతుంది, 193 అయితే చివరి ఫారంలో 15 ఖాళీ పేజీలు మిగులుతాయి. పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్ ఉచితం, రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీకి దరఖాస్తు చేస్తే ఇస్తారు. ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకు.

డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కు వెళ్లి ఆర్థిక విషయాల పుస్తకాలున్న స్టాల్ దగ్గర ఒక పూట నిలబడు. ఎవరు తీస్తున్నారో, ఏ పేజీ తెరిచి వెనక్కి పెట్టేస్తున్నారో గమనించు. చిన్నప్పుడు ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద చివరి పేజీలు చూసి పుస్తకాలు ఎంచేదానివి, మీ నాన్న కోప్పడేవాడు. ఇవాళ ఉంటే వాడే అందరికంటే ముందు నీ కాపీ కొనుక్కునేవాడు.

వచ్చే ఆదివారం భోజనానికి రా. పెద్దమ్మ పప్పుచారు చేస్తానంది. బ్యాంకు స్టేట్‌మెంట్, లాకిన్ తేదీలున్న కాగితం, బీమా ప్రపోజల్ మూడూ తెచ్చుకో. అవి చూసేదాకా రాజీనామా మెయిల్ పంపకు.

ఇట్లు,
మీ పెదనాన్న