గునుగు కట్ట లెక్క: పేగుల్ల, చెవుల్ల ఆ సన్నటి పోగులు ఎట్ల నిలబడతయి?

ప్రశ్న: మేడం, నేను ఇంటర్ సెకండియర్ బైపీసీ. చిన్న పేగు కణాల మీద వేళ్ల లాంటి సన్నటి మైక్రోవిల్లై ఉంటయని, తిన్నది పీల్చుకునే జాగ పెంచుతయని బుక్కుల ఉంది. కానీ అంత సన్నటివి వంగిపోకుంట ఎట్ల నిలబడతయో రాయలే. లోపల ఎముక లాంటిదేమన్న ఉంటదా?
– ఒక విద్యార్థిని, పరకాల

బిడ్డా, ఈ ప్రశ్న మస్తు నచ్చింది నాకు. విల్లైకి (పేగు గోడ మీద వేళ్ల లెక్క లేచిన బుడిపెలు) మైక్రోవిల్లైకి తేడా రాసి రెండు మార్కులు తెచ్చుకునేటోళ్లే ఎక్కువ, లోపల ఏముందని అడిగేటోళ్లు తక్కువ.

ఎముక లేదు, కట్ట ఉంది. బతుకమ్మకు గునుగు తెస్తం కదా, ఒక్క కాడ పట్టుకుంటే తల వాలుస్తది, అదే ఇరవై ముప్పై కాడలు దగ్గరికి పట్టి దారం బిగిస్తే నిటారుగ నిలబడతది, రంగుల ముంచి తీసినా వంగది. మైక్రోవిల్లస్ (మైక్రోవిల్లైల ఒక్కదాన్ని అట్ల అంటరు) లోపల కూడ గదే పని నడుస్తది, అక్కడ కాడ అంటే యాక్టిన్ పోగు. యాక్టిన్ అనేది ఒక ప్రోటీన్, చిన్న చిన్న గింజల లెక్క ఉంటది, ఆ గింజలు ఒకదానికొకటి అతుక్కుంట రెండు పేటల తాడు పేనినట్టు పొడుగు పోగు అయితది. మందం 7 నానోమీటర్లే. దీన్ని 1942ల హంగరీల స్ట్రౌబ్ అనే సైంటిస్టు కండరం నుంచి వేరు చేసిండు, అంటే నీ చేతి కండల ఉన్నదీ నీ పేగు అంచున నిలబడ్డదీ ఒకే జాతి సరుకు. ఒక్కో మైక్రోవిల్లస్ ల ఇట్లాంటి పోగులు ఓ ఇరవై ముప్పై దాకా పక్కపక్కన నిలబడి ఉంటయి. మైక్రోవిల్లస్ పొడుగు సుమారు 1 మైక్రోమీటర్, అంటే వెయ్యి తెచ్చి ఒకదాని మీద ఒకటి పెడితే ఒక మిల్లీమీటర్ అయితది, ఇక ఒక్క కణం మీదనే వెయ్యికి తక్కువ ఉండయి.

మరి దారం ఏది అంటవా, అసలు సంగతి అక్కడనే ఉంది. గునుగు కట్టకు మనం ఒక్క దగ్గర ముడి వేస్తం, ఇక్కడ మాత్రం కింది నుంచి మీది దాకా అడుగడుగున ముళ్లే. ఆ ముళ్లు వేసేది ముఖ్యంగ మూడు ప్రోటీన్లు: విల్లిన్, ఫింబ్రిన్, ఎస్పిన్. ఫింబ్రిన్ కి రెండు చేతులున్నయనుకో, ఒకటి ఈ పోగును పట్టుకుంటది, ఇంకోటి పక్క పోగును పట్టుకుంటది, అట్ల పోగులన్ని దగ్గర దగ్గరగ ఒకే దూరంల బిగుసుకుంటయి. విల్లిన్ ది ఇంకో తీరు, మామూలప్పుడు కట్ట కడతది, కణంల కాల్షియం బాగ పెరిగితే అదే ప్రోటీన్ పోగులను కట్ చేస్తది! కట్టేదీ కోసేదీ ఒకటే చెయ్యి. ఇవి గాక మయోసిన్ 1ఎ అనే ప్రోటీన్ ఉంది, అది కట్టను చుట్టూ ఉన్న పొరకు అతికించి పట్టుకుంటది, లేకుంటే కట్ట వేరు పొర వేరు అయిపోవూ.

విల్లిన్ గురించి ఒకటి చెప్పాలె. 1989ల విల్లిన్ అసలు తయారు చెయ్యని కణాలకు దాని జీన్ ఎక్కించి చూసిండ్రు, కణం మీద పొడుగు మైక్రోవిల్లై లేచినయి. ఇగ అంతా విల్లిన్ మహిమనే అనుకున్నరు. తర్వాత విల్లిన్ లేని ఎలుకలను తయారు చేసి చూస్తే వాటి పేగుల్ల మైక్రోవిల్లై మంచిగనే ఉన్నయి! ఆఖరికి ముగ్గురినీ, అంటే విల్లిన్, ఫింబ్రిన్, ఎస్పిన్ మూడింటినీ తీసేసి కూడ చూసిండ్రు, అప్పుడు కూడ మైక్రోవిల్లై పూర్తిగ పోలే, పొట్టిగ అయినయి, జీర్ణం చేసే ఎంజైములు మాత్రం ఆ పొర మీద సరిగ నిలవలే. నాకు దీంట్ల కనపడేది ఏందంటే ఒక్క ప్రోటీన్ మీద భారం వెయ్యకుంట కణం ఈ పనిని నలుగురికి పంచిపెట్టింది. పరీక్షల "మైక్రోవిల్లై ఆకారానికి కారణమైన ప్రోటీన్ ఏది" అని ఒక్క పేరు అడుగుతరు చూడు, ఆ ప్రశ్ననే తప్పు అంట నేను.

ఇంకోటి, మైక్రోస్కోప్ కింద ఇవి విడివిడిగ కనపడతయని ఆశ పెట్టుకోకు బిడ్డా. నేను ఎమ్మెస్సీల పేగు స్లైడ్ పెట్టి ఎంత ఫోకస్ తిప్పినా కణాల మీది అంచున గులాబీ రంగు గీత ఒకటి కనపడింది, గంతే. దాన్నే బ్రష్ బార్డర్ అంటరు. ఆ గీతల ఒక్కొక్క మైక్రోవిల్లస్ చూడాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కావాలె.

ప్రశ్న: మా బాబుకు విరేచనాలు తగ్గినయి కానీ డబ్బా పాలు తాగితే మళ్లా కడుపు ఉబ్బి నీళ్ల లెక్క పోతున్నడు. పాలు పడయా ఇగ?
– ఒక తల్లి, జమ్మికుంట

చెల్లె, భయపడకు. పాలల్ల ఉండే లాక్టోజ్ అనే చక్కెరను విడగొట్టే లాక్టేజ్ ఎంజైమ్ ఉండేది మీద చెప్పిన మైక్రోవిల్లై పొర మీదనే. ఇన్ఫెక్షన్ కు ఆ అంచు దెబ్బతింటే ఎంజైమ్ తగ్గుతది, పాలు అరగయి. పేగు కణాలు నాలుగైదు రోజులకు ఒకసారి కొత్తవి వస్తనే ఉంటయి, కొత్త కణాలు కొత్త కట్టలు కట్టుకుంటయి, మెల్లగ సర్దుకుంటది, కొందరు పిల్లలకు ఇంకొన్ని రోజులు పడతది. తల్లిపాలు ఇస్తుంటే మాత్రం ఆపకు, ఓఆర్ఎస్ తాపియ్యి, డబ్బా పాల సంగతి మీ పిల్లల డాక్టర్ ను అడుగు. నోరు ఎండిపోతున్నా మూత్రం తక్కువ వస్తున్నా ఆగకుంట తీసుకపో.

ప్రశ్న: నిమజ్జనం నాడు డీజే బండి పక్కనే నడిచిన, తెల్లారి దాకా చెవుల్ల గుయ్ మన్నది, తర్వాత తగ్గింది. మళ్ల మామూలైనట్టేనా?
– ఒక అన్న, హనుమకొండ

అన్నా, వినపడుడు మామూలైనా లోపల కొంత నష్టం మిగిలి ఉండొచ్చు. చెవి లోపల నత్తగుల్ల లాంటి భాగంల ఒక్కో చెవికి సుమారు 15 వేల కణాలున్నయి, వాటి తల మీద మెట్ల లెక్క పొట్టి నుంచి పొడుగుకు నిలబడ్డ పోగులుంటయి, స్టీరియోసీలియా అంటరు. పేరుల సీలియా ఉంది కానీ ఇవి అసలు సీలియా (కణాల మీది వెంట్రుకల లాంటివి, వాటి లోపల వేరే ప్రోటీన్ గొట్టాలుంటయి) కాదు, వీటి లోపల ఉన్నది యాక్టిన్ కట్టనే (నీట్ రాసే పిల్లలు ఇది గుర్తు పెట్టుకోండ్రి). పేగుల ఒక్కో మైక్రోవిల్లస్ ల ఇరవై ముప్పై యాక్టిన్ పోగులైతే ఇక్కడ ఒక్కోదాంట్ల వందల యాక్టిన్ పోగులు, ఎస్పిన్ తోని గట్టిగ బిగించి ఉంటయి, అందుకే శబ్దం తగిలితే మధ్యల వంగకుంట అడుగున సన్నగ ఉన్న దగ్గర మాత్రమే ఊగుతయి, తలుపు బందు మీద ఊగినట్టు. ఎస్పిన్ చెడిపోయిన ఎలుకలు చెవిటివైతయి. ఇండోనేషియాల బాలి దీవిల బెంగ్కాల అనే ఊర్ల తరతరాలుగ చెవుడు వస్తుంటే, దానికి కారణం మయోసిన్ 15 జీన్ ల తేడా అని 1998ల తేలింది. ఆ మయోసిన్ పోగుల కొసలకు సరుకు మోస్తది, అది పనిచెయ్యకుంటే పోగులు పొట్టిగనే ఉండిపోతయి.

పెద్ద శబ్దం తగిలితే మొదలు ఒక స్టీరియోసీలియా పోగును పక్క పోగుతోని కలిపే సన్నటి లింకులు తెగుతయి, అవి ఒకటి రెండు రోజుల్ల మళ్ల అతుకుతయి. నీకు గుయ్ మనుడు తగ్గింది కాబట్టి అంతవరకు నయమే. కానీ మళ్ల మళ్ల అదే అయితే కట్టలే విరిగి కణం చచ్చిపోతది. 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటల దాకా పర్వాలేదని డబ్ల్యూహెచ్ఓ అంటది, డీజే పక్కన ఆ లెక్క నిమిషాలల్లకు వస్తది. వచ్చే ఏడు బండికి దూరంగ నడువు, చెవుల్ల ఇయర్ ప్లగ్స్ పెట్టుకో, చిన్న పిల్లలను భుజాల మీద ఎక్కించుకొని స్పీకర్ ముంగట నిలబెట్టకు. కోళ్లకు ఈ కణాలు పోతే మళ్ల మొలుస్తయి అన్నా, మనుషులకు మొలవయి.