మేనల్లుడికి, కాటా లెక్కల్లో మైనస్ గురించి

చిరంజీవి బాబుకి,

మావయ్య ఆశీస్సులు. పలాసలో జీడి పిక్కల ఫ్యాక్టరీలో కాటా లెక్కలు నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. ఎక్సెల్ తెరుచుకునేలోపే ఆక్‌తో (awk, ఫైల్లోని వరసల్నీ కాలమ్‌లనీ చదివి లెక్కలు చేసే చిన్న ప్రోగ్రామింగ్ భాష) పనైపోతోందని సంబరపడుతున్నావట. నాకూ సంతోషమే. కానీ ఆ మైనస్ గుర్తు దగ్గర నేనొకసారి గట్టిగా దెబ్బతిన్నాను. నీకలా జరగకూడదని రాస్తున్నాను.

లోడు తూకంలోంచి ఖాళీ లారీ తూకం తీసేస్తే సరుకు బరువు వస్తుంది. ఆక్‌లో $2 అంటే రెండో కాలమ్, $3 అంటే మూడోది. రెండో కాలమ్ లోడు, మూడోది ఖాళీ అయితే $2-$3 చాలు. నేనూ అంతే రాశాను. ఒక లారీ లోడు 24,680 కిలోలు, ఖాళీ 8,420. జవాబు 16 వచ్చింది. పదహారు టన్నులు కాబోలనుకుని రిజిస్టర్లో ఎక్కించేశాను. అసలు జవాబు 16,260! ఆక్ అంకెలు చదువుతూ కామా కనబడగానే ఆగిపోతుంది. 24లోంచి 8 తీసేసి 16 చెప్పింది. పోయిన 260 కిలోలు ఎనభై కిలోల బస్తాల్లో మూడుకు పైనే. సరుకు తోలిన వ్యాపారి స్లిప్పు పట్టుకొచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు.

అందుకని ముందు జీసబ్‌తో (gsub, ఒక అక్షరాన్ని ఉన్నచోటల్లా మార్చే ఆక్ ఫంక్షన్) రెండు కాలమ్‌లలోనూ కామాలు తీసెయ్, ఆ తర్వాతే మైనస్.

ఖాళీ గడి ఇంకా ప్రమాదం. లారీ ఖాళీ తూకం వేయించకుండా వెళ్ళిపోయిందనుకో, ఆ గడిని ఆక్ సున్నా అనుకుంటుంది. లారీ ఇనుము బరువంతా పిక్కల ఖాతాలో పడుతుంది. ఎర్రర్ రాదు, ఒక్క మాటా అనదు. 1977లో బెల్ ల్యాబ్స్‌లో ఆహో, వైన్‌బర్గర్, కెర్నిగన్ తయారుచేసినప్పటి నుంచీ దాని తీరు ఇంతే: మాటల్నీ అంకెల్నీ వేరుచేసి అడగదు, అంకె కానిదాన్ని సున్నా చేసేస్తుంది. కాబట్టి $3+0>0 అయిన వరసలకే తీసివేత చెయ్యి. హెడింగ్ వరస కూడా దాంతోనే పోతుంది. మిగిలినవి వేరే ఫైల్లోకి పంపి, కాటా అబ్బాయిని పిలిచి అడుగు. గడుల మధ్య ట్యాబ్ ఉందని ఆక్‌కి ముందే చెప్పు, లేకపోతే ఖాళీ గడి మాయమై పక్క కాలమ్ మూడోదైపోతుంది.

ప్రోగ్రాం చుట్టూ ఒంటి కోట్లే పెట్టు. జంట కోట్లు పెడితే $2నీ $3నీ షెల్లే (మనం టైపుచేసిన కమాండ్లను ముందుగా చదివే ప్రోగ్రాం) మింగేసి ఉత్త మైనస్ మిగులుస్తుంది.

డబ్బు లెక్కల జవాబు చూపించడానికి ఆక్‌లో ప్రింట్ (print) వద్దు. 150000-26543.25 చేయిస్తే 123457 అని చూపిస్తుంది, ఆరంకెలకే కుదించేస్తుంది కనుక. ప్రింట్‌ఎఫ్ (printf) వాడి రెండు దశాంశాలు అడిగితే 123456.75 వస్తుంది.

ఈ వారం పది స్లిప్పులు తీసి, కాగితం మీద చేత్తో తీసివేసి, ఆక్ జవాబుల పక్కన పెట్టి చూడు. సిరిమానోత్సవానికి విజయనగరం వస్తావు కదా, ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకురా. కూర్చుని చూద్దాం.

మీ మావయ్య