పాత అంబాసిడర్‌కు రంగు వేయించేటప్పుడు మేస్త్రి కూలిని ఎలా లెక్కకట్టాలి?

మీ నాన్నగారి అంబాసిడర్‌కు పూర్తిగా రంగు వేయించడానికి నెల్లూరు ఆటోనగర్‌లో ఒక మేస్త్రి చెప్పిన కూలి ఎక్కువగా తోస్తున్నదని, ఎంతవరకు తగ్గించి అడగవచ్చునని మీరు ప్రశ్నించారు. మా ఇంటి అంబాసిడర్‌ను అక్కడే బాగుచేయించిన అనుభవంతో చెబుతున్నాను: సామాను ధరలో బేరమాడండి, పనిదినాలలో మాత్రం ఆడవద్దు.

కూలిలో పెద్ద భాగం మెరిసే పైపూతకు కాదు, దాని కింద కనిపించకుండా పోయే పనికి చెల్లుతుంది. మా బండి తలుపు అడుగున చిన్న పొక్కులా కనిపించిన చోట మేస్త్రి స్క్రూడ్రైవర్ మొన ఆనించగానే అది రేకులోకి దిగిపోయింది. సముద్రపు గాలి తగిలే మన ప్రాంతంలో తలుపుల అడుగున, కాళ్ల కింది మ్యాట్ల చాటున రేకు ఇలా తినేసి ఉండటం మామూలే. పైగా ఈ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది కాబట్టి, పాడైన భాగాన్ని తరచు చేత్తోనే తయారుచేయవలసి వస్తుంది. మడ్‌గార్డులో పాడైన భాగాన్ని కోసి, కొత్త రేకును ఇసుక సంచి మీద పెట్టి, సుత్తితో మెల్లగా కొడుతూ, మాటిమాటికీ పాత వంపుకు ఆనించి చూసుకుంటూ ఆయన ఆ ముక్కను తయారుచేసిన తీరు చూశాక, ఆ చేతికి ఎంత ఇచ్చినా ఎక్కువ కాదనిపించింది.

పాత రంగు గీకకముందే అంతటికీ కలిపి గుత్త మాట్లాడుకుంటే, తరువాత బయటపడే తుప్పు భారమంతా మేస్త్రి మీదే పడుతుంది. కావలిలో మా బంధువులు ఒక షెడ్డులో తక్కువ గుత్తకు ఒప్పించారు. అక్కడ రేకు మార్చకుండా పట్టీతో, అంటే గుంటలు నింపే ముద్దతో, పూడ్చేశారు. పట్టీ తేమను పీల్చుకుంటుంది కాబట్టి, వానలు పోకముందే అది ఉబ్బి పెచ్చులుగా లేచింది.

అందువల్ల టింకరింగ్‌కు, అంటే రేకు పనికి, రోజుకూలి, రంగుకు గుత్త అని విడివిడిగా మాట్లాడుకోండి. సామాను బిల్లులు మీరే కట్టండి. ప్రైమరు (రంగు కింద వేసే తొలి పూత) కొట్టకముందు వెళ్లి రేకు చూసి, అప్పటివరకు జరిగిన పనికి డబ్బు అప్పుడే ఇచ్చేయండి. పట్టీ మందంగా పెట్టారేమోనన్న అనుమానం ఉంటే, గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం ఆనించి చూడండి. మందంగా ఉన్న చోట అది సరిగా పట్టదు.

మరొక ఖర్చును మీరుగా అడిగి చేర్చండి. టూ-కే రంగులో (రెండు భాగాలు కలిపి కొట్టే రంగులో) అది గట్టిపడటానికి కలిపే హార్డెనర్‌లోని ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఊపిరితిత్తులలోకి చేరితే ఉబ్బసం రావచ్చు, ముక్కుకు కట్టుకున్న చేతిరుమాలు వాటిని ఆపలేదు. మన షెడ్డుల్లో రుమాలుతోనే స్ప్రే గన్ పట్టే కుర్రవాళ్లను చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. స్వచ్ఛమైన గాలిని గొట్టం ద్వారా అందించే మాస్కు ఉన్న షెడ్డు కాస్త ఎక్కువ అడిగినా, పని అక్కడే ఇవ్వండి.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వానలు కాబట్టి, గడువు పెట్టి తొందరపెట్టకండి. తేమ రోజుల్లో కొట్టిన రంగు తెల్లగా మసకబారితే, దాన్ని గీకి మళ్లీ కొట్టే కూలి కూడా ఎవరో ఒకరు భరించవలసినదే.