మానిటర్ లేని పీసీలో ఎస్‌ఎస్‌హెచ్ మీదనే సింక్‌థింగ్ పెట్టడం ఎట్లా?

మహబూబ్‌నగర్ స్టూడియోలో మానిటర్ లేని ఉబుంటు పీసీ ఉంది, జడ్చర్ల బ్రాంచి ఫోటోలు దాంట్లోకి వాటంతట అవే రావాలి, చేతిలో ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి ఆ పీసీలో కమాండ్లు కొట్టే దారి) ఒక్కటే ఉంది అన్నారు. రెండు పీసీల ఫోల్డర్లను ఎప్పుడూ ఒకేలా ఉంచే సింక్‌థింగ్ సరిపోతది.

ఆప్ట్ (apt) కమాండ్‌తో ఇన్‌స్టాల్ చేసి, పీసీ ఆన్ కాగానే అదే మొదలయ్యేటట్టు సర్వీసును సిస్టమ్‌సీటీఎల్ (systemctl) కమాండ్‌తో ఎనేబుల్ చెయ్యండి. సింక్‌థింగ్ పేరు తర్వాత @, దాని పక్కనే మీ యూజర్ పేరు ఉండే రకమే వాడండి. యూజర్ సర్వీసుగా పెడితే, లింగర్ (లాగౌట్ అయినా సర్వీసును నడవనిచ్చే సెట్టింగ్) ఆన్ చెయ్యకపోతే, మీరు లాగౌట్ కాగానే ఆగిపోతది. "రాత్రి బాగనే నడిచింది, పొద్దున చూస్తే ఆఫ్‌లైన్" అనేటోళ్లు ముందు ఇదే చూసుకోవాలి.

సెట్టింగ్స్ పేజీ 127.0.0.1:8384లో, అంటే ఆ పీసీలోనే తెరుచుకుంటది. మానిటర్ లేదు కదా అని 0.0.0.0కు, అంటే బయటి పీసీల నుంచి కూడా తెరుచుకునేటట్టు మార్చకండి, పాస్‌వర్డ్ పెట్టేలోపే ఎవరైనా దూరొచ్చు. ఎస్‌ఎస్‌హెచ్ కమాండ్‌లో హైఫన్, పెద్ద ఎల్ పెట్టి 9090:127.0.0.1:8384 అని చేర్చండి. మీ ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో 127.0.0.1:9090 కొడితే అదే పేజీ వస్తది. ఇటువైపు 9090 ఎందుకంటే, ల్యాప్‌టాప్‌లోనూ సింక్‌థింగ్ ఉంటే 8384 అది పట్టుకొని ఉంటది.

ఫైర్‌వాల్‌లో సింక్‌థింగ్ వాడే పోర్ట్ 22000 టీసీపీ, యూడీపీ రెండూ తెరవండి. యూఎఫ్‌డబ్ల్యూ (ఉబుంటు ఫైర్‌వాల్) ఆన్ చేసేముందు ఎస్‌ఎస్‌హెచ్ పోర్ట్ 22 అనుమతించండి, లేకుంటే బస్సెక్కి స్టూడియోకు పోవాల్సిందే. రెండు వైపులా నెట్ సీజీన్యాట్ (నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచే పద్ధతి) వెనుక ఉంటే రిలే (మధ్యలో ఉండే వేరే సర్వర్) మీద నడవొచ్చు, అది నిదానం. పెండ్లి ఫైళ్లు వందల జీబీ ఉంటే మొదటిసారి హార్డ్ డిస్క్‌లో తెచ్చి పొయ్యండి. ఉన్నవాటిని హ్యాష్ (ఫైల్ లోపలి డేటా నుంచి లెక్కగట్టే గుర్తు) పోల్చి గుర్తుపడతది, మళ్లీ లాగదు.

అసలు దెబ్బ డిస్క్ దగ్గర పడతది. బయటి డిస్క్ మౌంట్ కాకపోతే సింక్‌థింగ్ గుర్తుగా పెట్టుకునే ".ఎస్‌టీఫోల్డర్" (.stfolder) కనబడదు, సింక్‌థింగ్ ఎర్రర్ చూపించి ఆ ఫోల్డర్‌ను ఆపేస్తది. ఆ ఎర్రర్ పోగొట్టడానికి ఖాళీ చోట ఆ ఫోల్డర్ చేత్తో సృష్టించారా, ఫైళ్లన్నీ డిలీట్ అయినయని నమ్మి, ఫోల్డర్ రెండు వైపులా పంపే రకం అయితే అవతల కూడా తుడిచేస్తది. అందుకే పీసీ ఆన్ కాగానే డిస్క్ మౌంట్ అయ్యేటట్టు ఎఫ్‌స్టాబ్ (/etc/fstab) ఫైల్‌లో, దాని యూయూఐడీ (డిస్క్ గుర్తింపు నంబర్)తో మౌంట్ రాయండి. డిస్క్ ఎక్స్‌ఫ్యాట్ (exFAT) ఫార్మాట్‌లో ఉంటే సింక్‌థింగ్ ఫోల్డర్ సెట్టింగ్స్‌లో "ఇగ్నోర్ పర్మిషన్స్" టిక్ పెట్టండి.

స్టూడియో వైపు రిసీవ్ ఓన్లీ (తీసుకోవడమే, పంపకపోవడం) పెట్టినా, బ్రాంచిలో చెరిపితే ఇక్కడా పోతది. అందుకే స్టూడియో పీసీలో ఫైల్ వర్షనింగ్ (చెరిగిన ఫైళ్లను పక్కన దాచిపెట్టడం) తప్పనిసరి, ట్రాష్ క్యాన్ 30 రోజులు చాలు.

కరెంటు పోయి వచ్చినంక పీసీ దానంతట అదే లేవాలంటే బయోస్‌లో పవర్ సెట్టింగ్ మార్చాలి. అది ఎస్‌ఎస్‌హెచ్‌తో అయ్యే పని కాదు, స్టూడియోకు పోయినప్పుడు ఒక మానిటర్ తగిలించి మార్చుకోండి.